గుమ్మంలో మనిషి

తౌనోకి పొరుగింటి ఇల్కా మీద అనుమానం. ఫిన్లాండులో సరస్సు ఒడ్డునున్న తన షెడ్డులో, పడవను గట్టుకు లాగే మోటారు వేగాన్ని అదుపుచేసేందుకు తౌనో సొంతంగా మైక్రోకంట్రోలర్ బోర్డు తయారుచేసుకున్నాడు. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో వెలుగును బట్టి లెక్కపెట్టే చిన్న కన్ను ఒకటి దానికి అమర్చాడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, మోటారుకు అరచెయ్యి ఆనించి, వేగం సరిచేస్తూ కూర్చుంటాడు. తలుపు మూసి ఉన్నంతసేపూ అది బుద్ధిగా తిరుగుతుంది. కాఫీకని ఇల్కా తలుపు తోసుకుని వస్తే చాలు, దడదడ కొట్టుకుంటుంది.

"నువ్వొస్తేనే దీనికి పూనకం. ఏం తాకుతున్నావురా?"

"నీ మోటారు నాకెందుకురా, నాకు తెడ్లున్నాయి."

"ఇవాళ గుమ్మం దాటకు."

ఇల్కా మొహం చిన్నబుచ్చుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు. గుమ్మం నిండా సరిపోయే మనిషి. మోటారు కుదుటపడింది. "సరే, పోతున్నా," అంటూ అతను పక్కకు తప్పుకోగానే సాయంత్రపు ఎండ ఏటవాలుగా వచ్చి బోర్డు కంట్లో పడింది. మళ్ళీ దడదడ. తౌనో ఎండను చూశాడు, ఇల్కాను చూశాడు, నల్ల టేపు ముక్క చింపి కంటికి గొడుగులా అతికించాడు. తలుపు బార్లా తెరిచే ఉంది. మోటారు వణకలేదు.

"ఇక కాఫీ తాగొచ్చా?"

తౌనో కప్పు ముందుకు జరిపాడు. "తాగు. రెండో చెయ్యి మాత్రం జేబులోనే ఉంచు."