రెండు రోజులు దాచిన కబురు

మా కాలేజీ మహిళల హాకీ జట్టుకు నాలుగేళ్ళు గోల్‌కీపరుగా నిలబడిన అక్కకు కిందటి వానాకాలం సన్మానం చేశారు. వేదిక మీద ఆమె గురించి మాట్లాడమని నన్ను అడిగారు. ఆమె ఆడిన రోజుల్లో ఆ జట్టుకు కెప్టెన్ని నేను. పైగా ఇద్దరం బర్మాలో, పజుండౌంగ్ పేటలో ఒకే వీధిలో పెరిగిన తెలుగువాళ్ళం. సొంత అక్క కాదు, నాకంటే ఏడాది పెద్దదని అలా పిలవడం అలవాటైంది.

ప్యాడ్లు కట్టుకుంటే మనిషి సగం మునిగిపోయేంత పొట్టి. కానీ బంతి వస్తుంటే వెనక్కి తగ్గేది కాదు, ఒక అడుగు ఎదురు వెళ్ళేది. గోల్ దగ్గర నుంచి "ఎడం పక్క! ఎడం పక్క!" అని తెలుగులోనే అరిచేది. ఎదుటి జట్టుకు అర్థమయ్యేది కాదు. మా జట్టులోని బర్మా పిల్లలు మాత్రం ఆ నాలుగు మాటలూ నేర్చేసుకున్నారు. కాలేజీ అయ్యాక ఊరి శివార్లలోని లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. ఆదివారాలు అక్కడి కార్మికుల ఆడపిల్లలకు హాకీ నేర్పింది. వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు మా కాలేజీ జట్టులో ఉన్నారు. సన్మానం చేయాలని పట్టుబట్టింది వాళ్ళే.

వేదిక మీద ఇవన్నీ చెప్పాను. ఒకటి చెప్పలేదు.

ఆమె చివరి ఏడాది, అంతర్ కళాశాలల పోటీల ఫైనల్‌కు రెండు రోజుల ముందు మా ఇంటికి ఫోన్ వచ్చింది. ఆ వీధిలో అప్పుడు ఫోన్ ఉన్నది మా ఇంట్లోనే. దేశపు జట్టు ఎంపిక శిబిరానికి అక్కను రమ్మన్నారు. శుక్రవారం పొద్దుటికల్లా మాండలేలో ఉండాలి. మా ఫైనల్ కూడా శుక్రవారమే. ఆమె లేకుండా గెలవలేమని నాకు తెలుసు. ఆ కబురు రెండు రోజులు నాలోనే ఉంచుకున్నాను. ఫైనల్ గెలిచాం. సాయంత్రం ఆమె ప్యాడ్లు విప్పుకుంటుంటే, అప్పుడే మా ఇంటికి ఫోన్ వచ్చిందని కబురు అందినట్టు చెప్పాను. ఒళ్ళు కూడా కడుక్కోకుండా బస్సెక్కింది. మాండలేలో ఆమెను అరగంట గోల్‌లో నిలబెట్టి, ఎంపిక అయిపోయిందని పంపేశారు.

సన్మానం అయ్యాక ఇద్దరం మెట్ల మీద వాన తగ్గేదాకా కూర్చున్నాం. ఆమె ఒళ్ళో పూలగుత్తి ఉంది. నా నోట తన గురించి విన్న మంచి మాటలకు ఆమె కళ్ళింకా తడిగానే ఉన్నాయి. ఇక దాచలేక జరిగింది చెప్పేశాను.

ఆమె నా వైపు తిరిగింది. "ఎప్పుడొచ్చిందే ఫోను?" అంది.

"బుధవారం, అక్కా."

"బుధవారమా!" అంది. పూలగుత్తిని పక్కన పెట్టింది. "నానేటనుకున్నానో తెలుసా? అందరికీ ముందే సెప్పి, నాకు ఆకర్న సెప్పేరనుకున్నాను. ఎవులో రాకపోతే నన్ను పిలిసేరనుకున్నాను. అందుకే మరుసటేడు ఉత్తరం రాసినా ఎల్లలేదు."

మరుసటేడు మళ్ళీ పిలిచారని నాకు అప్పటివరకూ తెలియదు. "ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం?" అన్నాను.

"ఏటి సెప్పమంటావు? నా ఆట అంతేననుకున్నాను గదా. ఆ ఉత్తరం సింపేసేను."

ఒక్క ఆట గెలవడానికి ఒక్క అవకాశం పోగొట్టానని ఇన్నేళ్ళూ బాధపడ్డాను. ఆమెకు తన ఆట మీదున్న నమ్మకాన్నే తీసేశానని ఆ మెట్ల మీద తెలిసింది. "తప్పయిపోయింది, క్షమించక్కా" అన్నాను.

"సరేలే" అంది. అందులో కోపం లేదు. క్షమించినట్టూ అనిపించలేదు. వాన పూర్తిగా తగ్గకుండానే లేచి, నడుముకు చుట్టుకున్న లాంగీ కాస్త ఎత్తి పట్టుకుని బస్సు కోసం వెళ్ళిపోయింది.

నాలుగు నెలలైంది. ఇప్పుడూ పజుండౌంగ్ వచ్చినప్పుడల్లా మా ఇంటికి వస్తుంది. పిల్లల ఆట గురించి చెబుతుంది, నవ్వుతుంది. మునుపైతే నేరుగా వంటింట్లోకి వచ్చి, మూతలు తీసి ఏం వండానో చూసేది. ఇప్పుడు ముందు గదిలో కుర్చీలో కూర్చుంటుంది. నేను ఇచ్చిన టీ తాగి, కప్పు బల్ల మీద పెట్టి, "ఎల్లొస్తానే" అంటుంది.