స్టార్ ఆపిన సాయంత్రం

ఆ సాయంత్రం మా ఇంటి మీద క్రిస్మస్ స్టార్‌లో బల్బు మాడిపోలేదు. స్విచ్ నేనే ఆపాను. ఈ మాట అమ్మకి చెప్పలేదు, చర్చిలో చెప్పలేదు, రోజూ రాసుకునే డైరీలో కూడా రాయలేదు. ఆ రోజు పేజీ తిరగేస్తే ఆండ్రోమెడా గెలాక్సీ గురించి ఒకటిన్నర పేజీ ఉంటుంది, అంతే.

మాది పెదపాడు దగ్గర ఊరు. వీధిలో చివరి ఇల్లు. ఆ తర్వాత కొల్లేరు దాకా చేపల చెరువులే. నాన్న ఆ చెరువుల మీద కాపలా ఉండేవాడు. గట్టు మీద చిన్న పాక, ఒక టార్చిలైటు, ఒక కుక్క. నా చిన్నప్పుడు అమ్మతో కలిసి క్యారేజీ ఇవ్వడానికి వెళ్తే, పొద్దుగూకాక నాన్న ఆకాశంలో ఏదో చూపించేవాడు.

"అదిగో, ఆ పొగమరక చూడమ్మా."

నాకు కనపడేది కాదు. కనపడిందని తల ఊపేదాన్ని. అది దసరా రోజుల్లో చీకటి పడుతూనే ఏలూరు వైపు నుంచి లేస్తుందనీ, చలికాలమంతా ఉంటుందనీ చెప్పేవాడు. మబ్బయితే చెదిరిపోవాలి కదా, ఇది చుక్కలతో పాటే నడుస్తుంది అనేవాడు. అదేమిటో మాత్రం ఎవరినీ అడగలేదు. అడిగితే నవ్వుతారని. ఆ విషయంలో నాది నాన్న పోలికే.

నేను తాడేపల్లిగూడెంలో డిగ్రీ పూర్తి చేసి ఇంటికొచ్చిన ఏడాదే నాన్న కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు ఏలూరులో డయాలసిస్. మిషను మీద నాలుగు గంటలు. దగ్గర ఒకరినే ఉండనిచ్చేవారు కాబట్టి అమ్మ ఉండేది, నేను గ్రంథాలయానికి వెళ్ళి కూర్చునేదాన్ని. అక్కడ ఖగోళశాస్త్రం పుస్తకంలో ఒక రోజు నాన్న పొగమరక దొరికింది. డిసెంబరు మొదట్లో చీకటి పడగానే ఉత్తరం వైపు బాగా ఎత్తున, నాలుగు చుక్కల పెద్ద చదరానికి ఓ పక్కగా, మసకగా, పొడవుగా. పుస్తకంలోని బొమ్మలో మాత్రం మసక కాదు. ఏటవాలుగా పట్టుకున్న పళ్ళెంలా ఉంది. మధ్యలో పసుపు వెలుగు, దాని చుట్టూ సుడి తిరిగిన చేతులు, వాటి మధ్య నల్లటి ధూళి చారలు. పక్కనే రెండు చిన్న గెలాక్సీలు, తల్లి కొంగు పట్టుకున్నట్టు. అన్నీ డైరీలోకి ఎక్కించుకున్నాను.

ఇంటికెళ్ళే బస్సులో నాన్నకి చదివి వినిపించాను.

"అది పొగ కాదు నాన్నా. మన పాలపుంతలాంటిదే ఇంకొకటి. లక్ష కోట్ల చుక్కలుంటాయంట."

"ఎంత దూరం?"

"అక్కడ బయల్దేరిన వెలుగు మన దగ్గరికి రావడానికి ఇరవై ఐదు లక్షల ఏళ్ళు పడుతుంది."

నాన్న కాసేపు కిటికీలోంచి చూశాడు. "అంటే అది ఇప్పుడుందో లేదో కూడా తెలీదన్నమాట."

"ఉంటుంది. దానికి అదేమంత ఎక్కువ కాలం కాదు. పైగా అది మన వైపే వస్తోందంట. వందల కోట్ల ఏళ్ళకి వచ్చి గుద్దుకుంటుందో, పక్కనుంచి వెళ్ళిపోతుందో గట్టిగా చెప్పలేమన్నారు."

"ఓస్, అయితే మీ అమ్మకి చెప్పు. నాకు ఇబ్బంది లేదు."

అమ్మ మోచేత్తో పొడిచింది. నాన్న నవ్వి, "ఇన్నేళ్ళు చూశాను గానీ, ఏంటో తెలిసి చూడలేదమ్మా. ఒకసారి చూడాలి" అన్నాడు.

ఆ డిసెంబరులో నాన్న ఎదురుచూసింది నిజానికి దాని కోసం కాదు, డప్పు కోసం. నాన్న పుట్టిన ఊరు చెరువుల అవతల. ఆ ఊరి చర్చి వాళ్ళు డిసెంబరులో చుట్టుపక్కల ఊళ్ళకి క్యారల్స్ పాడుతూ తిరుగుతారు. ఊరికి ఒక్క సాయంత్రమే, ఏ రోజో ముందుగా చెప్పరు. నాన్న ఇరవై ఏళ్ళు వాళ్ళతో డప్పు కొట్టాడు. అంతకు ముందటేడు వాళ్ళు వచ్చిన రోజు ఆసుపత్రిలో ఉండిపోయాడు. ఈసారి మా గుమ్మంలో ఒక్క దరువైనా తన చేత్తో వెయ్యాలని ఆశ. వచ్చే ఏడాది మాట ఎవరూ ఎత్తేవాళ్ళం కాదు. అమ్మ వాళ్ళకి పెట్టడానికి బెల్లం గవ్వలు చేసి పళ్ళెంలో పోసి ఉంచింది.

స్టార్ కూడా నాన్నే చేశాడు, వెదురు బద్దలు చీరి, ఎర్ర కాగితం అంటించి. చేతులు వణికి ఒక కొస వంకర పోయింది. మా వైపు డిసెంబరు ఒకటో తారీఖు నుంచి కొత్త సంవత్సరం దాకా చీకటి పడితే ఇంటి మీద స్టార్ వెలగాల్సిందే. ఆ ఏడాది చావు జరిగిన ఇంట్లో మాత్రం వెలిగించరు. అలాంటి ఇంటి ముందుకి వస్తే క్యారల్స్ వాళ్ళు డప్పు ఆపేసి, మాట్లాడకుండా దాటిపోతారు. ఇది ఊహ తెలిసినప్పటి నుంచీ నాకు తెలుసు.

ఆ సాయంత్రం అమ్మ చర్చిలో ఆడవాళ్ళ ప్రాక్టీసుకి వెళ్ళింది. నాన్నకి ఇంటి పక్క పెరట్లో, వీధి కంచె దగ్గర నులకమంచం వేశాను. చందమామ లేడు. మా చివర వీధిలైటు పోయి చాలా రోజులైంది. ఆకాశం బాగుంది గానీ, నెత్తి మీద స్టార్ ఎర్రటి వెలుగు కళ్ళల్లో పడి ఏమీ కనపడనివ్వలేదు. ఆపుతానంటే నాన్న ఒప్పుకోడు. పది నిమిషాలే కదా అనుకున్నాను. నీళ్ళు తెస్తానని లోపలికెళ్ళి స్విచ్ ఆపేశాను.

"స్టార్ ఏమైందమ్మా?"

"బల్బు పోయినట్టుంది నాన్నా. అమ్మొచ్చాక మారుద్దాం."

చీకటికి కళ్ళు అలవాటు పడ్డాక చదరం చూపించాను, అక్కడి నుంచి దారి చెప్పాను. సూటిగా చూస్తే కనపడదు, కొంచెం పక్కకి చూడాలని పుస్తకంలో చదివింది చెప్పాను.

"అది నాకు చెప్తున్నావా? చేపల దొంగని కనిపెట్టేది అలాగే. సూటిగా చూస్తే చీకట్లో కలిసిపోతాడు" అన్నాడు. అంతలో నా మణికట్టు పట్టుకున్నాడు. "ఉండు. కదలకు. అదే. ఒరేయ్... లక్ష కోట్లా?"

నేనూ పక్కకి చూశాను. మొదటిసారి కనపడింది. ఊదితే పోయేంత వెలుగు. మామూలు కళ్ళకి కనపడేది దాని మధ్యభాగం ఒక్కటేననీ, మొత్తం కనపడితే ఆరు చందమామల్ని పక్కపక్కన పెట్టినంత ఉంటుందనీ చెప్తున్నాను. అప్పుడే వీధి మొదట్లో డప్పు వినపడింది.

నాన్న చెయ్యి బిగిసింది. "మావాళ్ళే. ఆ దరువు మాదే."

లేచి స్విచ్ వెయ్యాలి. వేస్తే బల్బు పోలేదని తెలిసిపోతుంది. ఇంకా చాలా ఇళ్ళున్నాయిలే, ఏదో ఒకటి చెప్పవచ్చులే అనుకుంటూనే ఉన్నాను. పాట ఇల్లిల్లూ దాటి దగ్గరికొచ్చింది. పక్కింటి దగ్గర ముగిసింది. అడుగులు మా కంచె దాకా వచ్చి ఆగాయి. డప్పూ ఆగింది.

"ఒరే, స్టార్ లేదు."

"ఆయనకి డయాలసిస్ కదరా చేసేది."

"పోయినట్టున్నారు. మనకి కబురే లేదు."

"డప్పు దించండ్రా. ఎంత బాగా కొట్టేవారో."

అందరూ కుర్రాళ్ళే. కంచెకి ఇవతల మంచం మీద మేమున్నట్టు వాళ్ళకి తెలియదు. ఒక్క కేక వేస్తే చాలు. నాన్నకి కేకేసే ఊపిరి లేదు. నాకుంది. నోరు తెరిచాను. అంతమంది మగపిల్లలు ఒక్కసారి నా వైపు తిరుగుతారనిపించి మళ్ళీ మూసేశాను. చెప్పుల చప్పుడు మెల్లగా వెనక్కి మళ్ళింది. వీధి మలుపు దాటాక మళ్ళీ దరువు మొదలైంది.

అది వినపడనంత దూరం వెళ్ళేదాకా నాన్న అటే చెవి పెట్టి ఉన్నాడు.

"బాగా కొట్టేవాణ్ణంట" అన్నాడు చివరికి. మంచం పట్టె పట్టుకుని లేస్తూ, "మంచు పడతంది. లోపలికెళ్దాం" అన్నాడు.

డప్పు చర్చి దాకా వినపడిందేమో, అమ్మ వస్తూనే అడిగింది. "వచ్చారాండీ మీ ఊరోళ్ళు?"

"వచ్చారు. బాగా పాడారు."

"గవ్వలు అలాగే ఉన్నాయేంటి?"

"కుర్రోళ్ళందరికీ షుగరంట."

"ఇరవై ఏళ్ళోళ్ళకి షుగరేంటండీ, చోద్యం కాకపోతే!"

"ఈ కాలం అలా ఉంది మరి" అని నాన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు స్టార్ దించి, వెలిగే బల్బు తీసేసి కొత్తది పెట్టాను. నాన్న పక్కనే కుర్చీలో ఉన్నాడు. తీసిన బల్బుని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల తీగ తెగితే గలగలమంటుంది. చప్పుడేమీ రాలేదు. బల్బు నా చేతికిచ్చాడు. నా ముఖం చూడలేదు.

ఆ మధ్యాహ్నం నాన్న ఫోన్లోంచి ఆ ఊళ్ళో క్యారల్స్ నడిపే పెద్దాయన నంబరు తీసుకుని, నా ఫోన్ నుంచి చేశాను. రెండు రింగులకే ఎత్తారు. "ఎవరండీ? హలో, ఎవరండీ మాట్లాడేది?" అంటున్నారు. పెట్టేశాను. మళ్ళీ చేద్దామనుకుంటూనే క్రిస్మస్ వెళ్ళిపోయింది.

జనవరిలో నాన్న పోయాడు. నాన్న పుట్టిన ఊరి వాళ్ళంతా వచ్చారు, సమాధి దగ్గర పాడారు. ఆ క్యారల్స్ పెద్దాయన నా దగ్గరికొచ్చి, "మేం క్రిస్మస్‌కి ముందే పోయారనుకున్నామమ్మా. స్టార్ లేదని కుర్రోళ్ళు చెప్పారు. తెలిసుంటే..." అన్నారు. తల ఊపాను. ఆయన అక్కడే ఇంకాసేపు నిలబడ్డారు, నేనేమైనా చెప్తానేమోనని.

నాన్న పోవడానికి నాలుగు రోజుల ముందు ఏలూరులో డయాలసిస్ మొదలుపెట్టకముందే నాన్నకి ఆయాసం ఎక్కువైంది. అమ్మ మందుల కోసం కిందకి వెళ్ళింది. కారిడార్లో చక్రాల కుర్చీ పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను. డాక్టరు గారు వార్డులోంచి బయటికొచ్చి, అటువైపు గబగబా వెళ్ళిపోతున్నారు. నర్సు ఎవరూ కనపడలేదు. నేను నాన్న భుజం పట్టుకుని డాక్టరు గారి వీపు వైపు చూస్తూ నిలబడ్డాను. అప్పుడు నాన్న ఒక మాట అన్నాడు. ఆ మాట విన్నాకే పిలిచాను. నా గొంతు కారిడార్ చివరిదాకా వెళ్ళింది, బెంచీల మీద వాళ్ళందరూ తిరిగి చూశారు, డాక్టరు గారు ఆగారు. నాన్నని వెంటనే లోపలికి తీసుకెళ్ళారు. ఆ తర్వాత నాలుగు రోజులూ ముఖానికి గొట్టాలే, మాట లేదు.

కుర్చీలోంచి తల ఎత్తకుండా, ఊపిరికీ ఊపిరికీ మధ్య, నాన్న నాతో అన్నది ఇది:

"పిలువమ్మా. ఏవండీ అంటే ఆగుతారు."