రాజలింగానికి వకీలు కావాలె

మానుకోటలో పెండ్లి అయినా, చావు అయినా కబురు ముందు రాజలింగానికి పోవాలి, ఆ తర్వాతే చుట్టాలకు. స్టేషన్ రోడ్డులో ఆయనకూ బామ్మర్ది కుమారస్వామికీ కలిపి ఒక టెంట్ హౌస్ ఉంది. గుంజలు పాతడంలో రాజలింగం చేయి తిరిగినవాడు. ఎంత గాలి వీచినా ఆయన కట్టిన షామియానా లేచిపోయిందన్న మాట ఎవరి నోటా వినం. ఉన్నదల్లా ఒక్కటే జబ్బు, కోపం. గుంజ కన్నా ముందు ఆయన నోరు లేస్తుంది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి, వకీళ్లు నల్లకోట్లు విడిచి కోర్టు గేటు ముందర రిలే నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఆ దీక్షకు టెంటు వేసింది కుమారస్వామి. ఊరికే వేశాడు, బావను అడగకుండా వేశాడు, అందులోనూ కొత్తగా తెచ్చిన ఎర్ర షామియానా వేశాడు. అప్పుడే గార్ల ఊరి దగ్గర ఒకరింట్లో పుట్టువెంట్రుకల దావత్ పడింది. రాజలింగం చిరుగుల టెంటుతోనే సరిపెట్టాడు. సరిగ్గా బంతి కూర్చునే వేళకు వాన దంచింది. విస్తళ్లలో బగారన్నం తేలింది, మేనమామ ఒళ్లో పిల్లవాడి గుండు మీద ధార కట్టింది. ఆ ఇంటాయన తిట్టిన తిట్లు రాజలింగం ఏడు తరాలకు సరిపోతాయి.

తడిసిన బట్టలతోనే వచ్చి బామ్మర్దిని పట్టుకున్నాడు.

"నా టెంటు ఎవర్నడిగి ఏసినవ్‌రా?"

"నీ టెంటా? నీదెట్లయితది బావా?"

అంతే, మాటకు మాట పెరిగి కోర్టులోనే చూసుకుందామన్న దాకా పోయింది. పంచాయితీ చేస్తామని వచ్చిన పెద్దమనుషులకు ఇద్దరూ చాయ్ పోసి పంపేశారు.

కుమారస్వామి అక్క విజయే రాజలింగం భార్య. ఆమె అన్నం వడ్డించి, తమ్ముడి మీద కేసు వేసిననాటి నుంచి నీ కూర నువ్వే వండుకో అని తేల్చి చెప్పింది. రాజలింగానికి ముద్ద దిగలేదు. భార్య అలిగితే బతిమాలుకోవచ్చు, దుకాణం పోతే ఎవరిని బతిమాలాలి? పడుచుతనమంతా గుంజలు మోసీ మోసీ భుజం కాయకాసింది. బామ్మర్ది ముందుగా వకీలును పట్టుకుంటే తన బతుకు బజార్న పడుతుందని నిజంగానే భయపడ్డాడు.

తెల్లారి వకీలు వేటకు బయలుదేరాడు. వ్యాపారం సంగతి తెలిసినవాడు కావాలి, ఇంటి గుట్టు కడుపులో పెట్టుకునేవాడు కావాలి, అన్నిటికన్నా ముందు బామ్మర్దికి చుట్టం కానివాడు కావాలి. తీరా చూస్తే కోర్టుకు తాళం. వకీళ్లందరూ దండలు వేసుకుని తన ఎర్ర షామియానా కిందనే కొలువుదీరి ఉన్నారు. ఒకాయనను కదిలిస్తే తెలంగాణ వచ్చినంక రమ్మన్నాడు. ఇంకొకాయన సమ్మెలో కేసుల ముచ్చట తెస్తావా అని కసిరాడు. గ్రేస్ వకీలమ్మ మాత్రం జాలిపడింది.

"కేసు మాట్లాడ, అన్నా. గని పక్కన కూసున్నోళ్లతోని ముచ్చట వెట్టద్దని ఎవ్వలనలే. ఇయ్యాల దీక్షల ఒక మనిషి తక్కువున్నడు. కూసుంటవా?"

కూర్చున్నాడు. మెడలో దండ పడింది. కడుపులో ఎలుకలు పరుగెత్తుతున్నా పొద్దుగూకే దాకా చెబుతూనే ఉన్నాడు. బామ్మర్ది విరగ్గొట్టిన కుర్చీలు, ఏ పెండ్లిలోనో మరిచి వచ్చిన వంట గంజులు, చివరికి విజయ పెట్టిన షరతు కూడా చెప్పేశాడు. సాయంత్రం నిమ్మరసం తాగి, గెలిచినంత సంబరంగా ఇల్లు చేరాడు.

మరునాడు కుమారస్వామి వచ్చి అదే గ్రేస్ పక్కన దండ వేసుకుని కూర్చున్నాడు. ఆమె ఆగు ఆగు అంటున్నా వినకుండా తన గోడంతా వెళ్లబోసుకున్నాడు. పాపం, ఆమె ఇద్దరినీ పిలిచి చేతులు జోడించింది. ఇద్దరి గుట్టూ విన్నాక ఎవరి తరఫున నిలబడినా అది అన్యాయమేనని చెప్పింది.

అక్కడితో ఆగితే వాళ్లు బావబామ్మర్దులు ఎందుకవుతారు? నాకు దక్కని వకీలు నీకూ దక్కొద్దు అన్న పట్టుదల పుట్టింది. రాజలింగం ఒక వకీలుకు కుడి పక్కన కూర్చుంటే, కుమారస్వామి పరుగున వచ్చి ఎడమ పక్కన చేరేవాడు. నడుమ ఉన్న మనిషికి ఆకలి ఒక బాధ, ఈ చెవిలో బావ, ఆ చెవిలో బామ్మర్ది ఇంకో బాధ. సంఘీభావం తెలపడానికి జనగామ నుంచి వకీళ్లు వస్తే వాళ్లనూ వదల్లేదు. దీక్ష తప్పని ఈ ఇద్దరినీ చూసి, ఉద్యమమంటే గిట్లుండాలె అని మైకులో పొగిడారు కూడా. రాజలింగం చిక్కిపోయి, బెల్టుకు బెజ్జాలు చాలక ప్యాంటుకు తాడు కట్టుకున్నాడు.

ఒకనాడు సమ్మెలో భాగంగా టెంటు ముందు రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. ఆడవాళ్లతో పాటు విజయ కూడా వచ్చింది. వకీళ్ల వరుసలో దండలతో వాడిపోయి కూర్చున్న మొగుణ్ని, తమ్ముణ్ని చూసి గరిటె పట్టుకుని నేరుగా వచ్చి నిలబడింది. తానూ ఒక వకీలును మాట్లాడుకున్నానని చెప్పింది. ఆయన పెద్దాయన, షుగర్ ఉండి దీక్షకు కూర్చోలేక ఇంటి పట్టునే ఉన్నాడు. టెంటు బయట కూడా వకీలు ఉంటాడన్న సంగతి ఈ ఇద్దరికీ తట్టనే లేదు.

"దుకాణం వెట్టిన నాడు నా పేరంటె నా పేరని కొట్టుకుంటిరి. ఆఖరికి ఇద్దరికీ కావలసినదాన్నని నా పేరు మీద రాయిస్తిరి. మరిచిండ్రా?" అన్నది విజయ.

మరిచారు. నిజంగానే మరిచారు.

"టెంటు నాది. సమ్మె అయ్యేదాంక గిక్కడ్నే ఉంటది. రేపటి సంది ఇద్దరు నా కింద పని చేస్తరా, లేకుంటె వకీలును చూసుకుంటరా?"

రాజలింగం వరుసలో ఒక్కొక్క వకీలు ముఖమే చూసుకుంటూ పోయాడు. గ్రేస్‌తో మొదలుపెట్టి అందరూ తల అడ్డంగా ఊపారు. ఆయన దండ తీసి పక్కన పెట్టాడు.

"రేపు ఎన్ని గంటలకు రావాలె?" అని భార్యను అడిగాడు.