జకరయ్య తిట్టని వస్తువు

తుకుం బస్తీలో మా గోడకు అవతలి ఇంట్లో ఉండే జకరయ్యకు లోకంలో నచ్చినవి తక్కువ. కీబోర్డు వాయించేవాళ్ళు ఆయన దృష్టిలో టైపు కొట్టేవాళ్ళు. తాళం వాయించే మిషను పిండి గిర్నీ. పెళ్ళిళ్ళలో గిటారు మెడకు తగిలించుకుని ఎగిరే కుర్రాళ్ళకైతే పేరు కూడా పెట్టలేదు, చూసి పక్కకు ఉమ్మేసేవాడు.

ఆయన ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో పంపు నడుపుతాడు. గనిలో నిండిన నీళ్ళను బయటికి తోడించడం పని. తండ్రి బెల్లంపల్లి వైపు నుంచి బొగ్గు పనికి వచ్చాడు. జకరయ్య ఇక్కడే, ఈ మరాఠీ నేల మీదే పుట్టాడు, మరాఠీ బడిలో చదివాడు. తెలుగు గడగడా మాట్లాడతాడు గానీ చదవడం అంతంత మాత్రం, అందుకే చర్చి పాటలన్నీ నాగరి అక్షరాల్లో రాసుకున్నాడు. గిటారు ఎవరూ నేర్పలేదు. నేర్పుతామని వచ్చినవాళ్ళ చేతుల వంక ఒకసారి చూసి ఊరుకున్నాడట.

గోడ ఇవతల కూర్చుని ఏళ్ళుగా వింటున్నాను. మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, వాకిట్లో స్టూలు వేసుకుంటాడు. కుడి మడమ నేలకు తాటిస్తూ తాళం పట్టుకుంటాడు. పాట ఎంత నెమ్మదిదైనా ఆ మడమ ముందుకు పోదు, వెనకబడదు. ఆయన మాటలకు మండిపడే వాళ్ళు కూడా ఆ మడమ చప్పుడుకు తెలియకుండానే తల ఊపుతారు.

అలాంటి మనిషి చెయ్యి ఆలస్యమవుతోందన్నాడు శ్రావణ్‌కుమార్.

శ్రావణ్‌కుమార్ మా చర్చి పాటల బృందానికి పెద్ద. ఊర్జానగర్‌లో క్వార్టరు, కరెంటు స్టేషన్లో ఆఫీసు ఉద్యోగం, మెడలో ఎప్పుడూ తువ్వాలులాగా వేలాడే హెడ్‌ఫోను. చర్చి వార్షికోత్సవానికి పాటలు రికార్డు చేస్తున్నాడు. తాళమూ కీబోర్డూ తన ఇంట్లో చేసి పంపుతాడు. జకరయ్య కంప్యూటరు ముందు కూర్చుని వాటిని వింటూ, వాటితోపాటు గిటారు వాయించి తిరిగి పంపాలి. జకరయ్య ఒక పాట పంపాడు. ఆదివారం ఆరాధన అయ్యాక, అందరూ చెప్పులు వెతుక్కునే చోట శ్రావణ్‌కుమార్ తీర్పు చెప్పాడు.

"అన్నా, ఏం అనుకోకు. నీ గిటారు పాట ఎనకాల ఉరుకుతుంది. వయసైంది గదా, చెయ్యి ఇంటలేదు. వచ్చే ఆదివారం దాక సూస్త. కాకుంటే కీబోర్డులనే గిటారు సౌండ్ ఏసుకుంట."

"ఏస్కో" అన్నాడు జకరయ్య. "అయ్యగారిని గూడ గండ్లనే పెట్టు. మీట నొక్కితె ప్రసంగం చెప్తడు."

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. ఇంటికి నడుస్తూ కుడిచేతి వేళ్ళు ముడుస్తూ, తెరుస్తూ, మళ్ళీ ముడుస్తూ ఉన్నాడు.

మర్నాడు సాయంత్రం నుంచి ఆ ఇంట్లో మరమ్మతు మొదలైంది. లాప్‌టాప్ కూతురు గ్లోరియాది. భద్రావతిలో టీచరు, రోజూ బస్సులో వెళ్ళి వస్తుంది. గిటారు నుంచి తీగ ఒక చిన్న పెట్టెలోకి పోతుంది, పెట్టె నుంచి లాప్‌టాప్‌లోకి. అక్కడి నుంచి తీగ లేకుండా గాలిలోనే షెల్ఫు మీది స్పీకరుకు చేరి శబ్దం బయటికి వస్తుంది. నాకు ఇలాంటివి చూడటం సరదా, కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

జకరయ్య ఒక్క తీగ మీటాడు. ముందు ఏమీ లేదు. వేలు తీసేసిన తర్వాత షెల్ఫు మీంచి మోగింది.

"గని ఈ ఒడ్డుకు నిలబడి ఒర్లితె ఆ ఒడ్డుకెల్లి ఇనొచ్చినట్టుంది" అన్నాడు. "గిదేం మిషనే? నీ తీరు బడికి లేటుగ వచ్చే రకం."

"బాపూ, థాంబా నా! జర ఆగు" అంది గ్లోరియా. "సేరింగ్ ఆటో నిండితె గని కదలదు గదా. కంప్యూటర్ గూడ గంతే. సౌండ్‌ను కొంచెం కొంచెం జమ చేసి పంపుతది. నేను సీట్లు తక్కువ చేస్త, జల్ది కదులుతది."

సీట్లు తగ్గించింది. ఆలస్యం కాస్త తగ్గింది గానీ శబ్దం పటపటమని పగిలింది.

"పల్లీలు ఏంపుతున్నవా?" అన్నాడు తండ్రి.

మళ్ళీ కొంచెం పెంచింది. పగుళ్ళు పోయాయి, ఆలస్యం పోలేదు. పెట్టెకు సంబంధించిన సాఫ్ట్‌వేరు తీసేసి కొత్తది వేసింది. తీగ మార్చింది. లాప్‌టాప్ ఆపి మళ్ళీ పెట్టింది. వారమంతా సాయంత్రాలు ఇదే పని. ఆయన పెట్టెను తిట్టాడు, తీగను తిట్టాడు, లాప్‌టాప్‌ను, దాని కంపెనీని, శ్రావణ్‌కుమార్ హెడ్‌ఫోనును, గ్లోరియా చదువును తిట్టాడు. కూలరు పక్కన నోరు మూసుకుని కూర్చున్న నన్ను కూడా వదల్లేదు: "సుమన్, నువ్వేంది, సావింటికి పరామర్శకొచ్చినట్టు కూసున్నవ్?"

ఆ గదిలో ఆయన తిట్టని వస్తువు ఒక్కటే. షెల్ఫు మీది స్పీకరు.

చర్చి కుటుంబాల్లో కొత్త వస్తువు ఏది వచ్చినా ప్రార్థన చేయించాకే మీట నొక్కుతారు. బండైనా, ఫ్రిజ్జయినా, మిక్సీ అయినా అంతే. ఆ స్పీకరును ఆయన భార్య మంగతాయి కొన్నది. పాస్టరమ్మగారు దాని నెత్తిన చెయ్యి పెట్టి, నూనె రాసి, కళ్ళనీళ్ళతో ప్రార్థించారు. నూనె మరక ఇంకా ఉంది. కింద చేత్తో అల్లిన క్రోషా గుడ్డ. దుమ్ము తుడవాలన్నా మంగతాయి కొంగు వాడదు, ఉతికిన బట్ట తెస్తుంది. అందుకే గ్లోరియా గదిలో అన్నిటినీ విప్పి చూసింది గానీ దాని జోలికి పోలేదు. పోవాలని ఎవరికీ, నాకు కూడా, తట్టలేదు.

ఒక పొద్దున మంగతాయి గోడ దగ్గరికి వచ్చింది. "సుమన్, మీ అన్న ఏడి నీళ్ళల్ల చెయ్యి పెట్టుకొని కూసుంటుండు. ఏందయ్యా అంటె సలి అంటడు. గింత ఎండల సలేంది? నిజంగనే చెయ్యి పడిపోతుందా?"

ఆ సాయంత్రం వాకిట్లో మడమ చప్పుడు వినిపించలేదు.

శనివారం వచ్చింది. రికార్డింగు మాట ఎవరూ ఎత్తలేదు. ఊరికే ఉన్న లాప్‌టాప్‌లో మంగతాయి ఒక ప్రసంగం వీడియో పెట్టించుకుంది. ధ్వని షెల్ఫు మీంచి వస్తోంది. కాసేపు చూసి మొహం చిట్లించింది.

"ఏందే గ్లోరియా, ఈ అయ్యగారు నోరు మూసినంక మాటలొస్తున్నయి?"

"ఆయన ఎప్పుడు గంతే" అన్నాడు జకరయ్య మంచం మీంచి. "నోట్లె ఏముందో ఆయనకే లేటుగ తెలుస్తది."

గ్లోరియా చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టేసింది. "బాపూ! అయ్యగారు గిటారు కొడ్తలేడు గదా!"

"అయితే?"

"అయితే లేటు నీ చేతిల లేదు. పెట్టెల లేదు." షెల్ఫు వైపు చూసి ఆగిపోయింది. తల్లి వైపు చూసింది. "గాలిల పోయేటందుకు అది సౌండ్‌ను మూట కట్టాలె, అక్కడ మళ్ళ ఇప్పాలె. శ్రావణన్న పాట గూడ నీకు లేటుగనే ఇనొచ్చింది. నువ్వు దానెంబడి కొట్టినవ్."

నోరు తెరిస్తే స్పీకరును అనాలి. జకరయ్య కూడా నోరు మూసుకుని కూర్చోవడం నేను అదే మొదటిసారి చూశాను.

మంగతాయి లేచింది. స్పీకరు ముందు నిలబడి, దాని మీది మరకను కాసేపు చూసింది.

"దీనికి ప్రార్థన చేపిచ్చింది పాటలు ఇననీకి. గిటారు కొట్టనీకి అని ఎవ్వలు అడిగిన్రు?" అని మీట నొక్కి ఆపేసి, కింది క్రోషా గుడ్డ తీసి మీద కప్పింది.

గ్లోరియా తన పాత తీగ ఇయర్‌ఫోను తెచ్చి పెట్టెలో గుచ్చింది. జకరయ్య చెవుల్లో పెట్టుకున్నాడు. ఒక్క తీగ మీటాడు. ఆగాడు. మళ్ళీ మీటాడు. మాకు వినిపించింది సన్నటి తీగ చప్పుడు మాత్రమే. కానీ కుడి మడమ నేల మీదికి దిగింది.

పాట అయ్యాక గ్లోరియా ఇయర్‌ఫోను ఒక కొస నాకు ఇచ్చి, రికార్డయింది పెట్టింది. గిటారు పాట పక్కనే నడుస్తోంది. రెండో చరణంలో జకరయ్య వేలు ఎత్తాడు.

"ఆపు. గీడ లేటయింది."

"బాపూ, మళ్ళ స్పీకర్ గిట్ల..."

"స్పీకర్ కాదు, పెట్టె కాదు. గిది నేను లేటయిన. గీ లేటు నాది." ఆ మాట ఆయన గర్వంగా అన్నాడు. "మళ్ళ పెట్టు. సరిగ కొడ్త."

కొట్టాడు. పంపారు. కాసేపటికి శ్రావణ్‌కుమార్ నుంచి బొటనవేలు బొమ్మ వచ్చింది, మాటలేమీ లేవు.

"వయసైంది అననీకి వీనికి నోరుండె" అన్నాడు జకరయ్య ఫోను పక్కన పడేస్తూ. "ఇప్పుడు బొటనేలు మిగిలింది."

వంటింట్లోంచి మంగతాయి అడిగింది: "ఏడి నీళ్ళు పెట్టాల్నా?"

"ఎందుకు?" అన్నాడాయన స్టూలు వాకిట్లోకి లాక్కుంటూ. "గింత ఎండల ఏడి నీళ్ళేంది? పిచ్చి లేసిందా?"