సోల్వే వదులుకున్న సీట్లు

మా మిన్నెసోటాలో ఎవరైనా "కాఫీ తాగుతారా?" అని అడిగితే మొదటిసారి వద్దనాలి. రెండోసారి అడిగితే "మీకెందుకు శ్రమ" అనాలి. మూడోసారికి "సరే, అరకప్పు చాలు" అని కప్పు నిండా పోయించుకోవాలి. నేను షికాగోలో పుట్టి పెళ్ళయ్యాక ఇక్కడికొచ్చాను. కొత్తలో మొదటి 'వద్దు'నే నిజమనుకుని మా అత్తగారి అక్కచెల్లెళ్ళు నలుగురినీ గొంతు తడపకుండా పంపించేశాను. ఇరవై ఆరేళ్ళయినా ఆ సంగతి ఇంకా చెప్పుకుంటున్నారు, నేను లేనప్పుడు, చాలా మర్యాదగా.

సోల్వే టోస్ట్రుడ్ ఈ మర్యాదలో పుట్టి పెరిగి, ఇందులోనే మునిగిపోబోయిన పిల్ల. వాళ్ళది టర్కీ కోళ్ళు పెంచే ఇల్లు. నేను మా ఊరి చిన్న కాలేజీలో గుమాస్తాను. డాక్టరు చదువుకు వెళ్ళదలచిన పిల్లల కాగితాలన్నీ నా చేతుల మీదుగానే పోతాయి. తొంభై ఎనిమిది వేసవిలో, మా కాలేజీలోనే డిగ్రీ చదువుతున్న సోల్వే పదకొండు మెడికల్ కాలేజీలకు దరఖాస్తు పెట్టింది.

ఆమె పదమూడో ఏట తండ్రి చెయ్యి దాణా మిషన్లో పడింది. ఆసుపత్రి యాభై మైళ్ళ అవతల. ట్రక్కులో దారంతా ఈ పిల్లే ఆ చేతిని అదిమి పట్టుకుని కూర్చుంది. రెండు వేళ్ళు పోయినా చెయ్యి దక్కింది. ఆ రోజునుంచి ఆమెకు డాక్టరు కావాలన్న ఆలోచన తప్ప వేరే లేదు. ఇదంతా నాకు వాళ్ళమ్మ చెప్పింది. సోల్వేని అడిగితే మాత్రం "ఏదో, వైద్యమైనా పరవాలేదనిపించిందండీ" అనేది.

ఆ దరఖాస్తులో ఒక పేజీ ఉంటుంది. డిగ్రీ ఆఖరి ఏడాది ఏమేం చదవబోతున్నారో అందులో ముందే రాయాలి. తర్వాత ఏ ఒక్కటి మార్చినా ప్రతి కాలేజీకీ ఉత్తరం రాసి చెప్పుకోవాలి. సోల్వే భౌతిక రసాయనశాస్త్రం చదువుతానని రాసింది. సెప్టెంబరులో ఆ క్లాసుకు వెళితే పదహారు కుర్చీలు, పదిహేడుమంది పిల్లలు. ప్రొఫెసరు ఇంకా తల గోక్కుంటూనే ఉన్నాడు, ఈవిడగారు సంచీ భుజాన వేసుకుని బయటికొచ్చేసింది.

"నువ్వెందుకు లేచావే?" అన్నాను.

"తలుపు పక్కన కూర్చున్నది నేనే కదండీ, లొరెయిన్ గారూ."

ఆ గంటలో ఖాళీ ఉన్న కోర్సు ఒక్కటే: చెక్కపడవ తయారీ. అందులో చేరి పదకొండు ఉత్తరాలు రాసింది. ఒక్కోటి రెండు పేజీలు, విషయం ఒక పేజీ, క్షమాపణ ఒక పేజీ. పడవకీ వైద్యానికీ సంబంధమేమిటో ఐదు వందల మాటల్లో వివరించమని ఒక కాలేజీ అడిగింది. ఏ సంబంధమూ లేదని ఆమె ఐదు వందల మాటల్లో వివరించింది.

పడవ క్లాసులో ఉలులు చాలలేదు. తన ఉలి పక్కవాడికిచ్చి చేతిగంటలు వాయించే బృందంలో చేరింది. మళ్ళీ పదకొండు ఉత్తరాలు. అక్కడ మనిషికి రెండు గంటలు. మొదటి వారంలో ఒకటి ఇచ్చేసింది, రెండో వారంలో రెండోది కూడా ఇచ్చేసింది. వట్టి చేతులతో నిలబడి తల ఊపుతూ ఉండేదట. ఆఖరికి ఫిన్నిష్ భాష క్లాసులో చేరింది. ఇంకో పదకొండు. ఆ క్లాసులో ఈమె ఒక్కతే కాబట్టి ఇక గండం గడిచిందనుకున్నాను. ఒకరోజు ప్రొఫెసరుగారి భార్య కూడా సరదాగా వచ్చి కూర్చుంది. సోల్వే గుమ్మంలోంచే వెనక్కి తిరిగిపోతుంటే కోటు పట్టుకుని లోపలికి తోసింది నేనే.

మార్చి వచ్చేసరికి పది కాలేజీలు కుదరదన్నాయి. పదకొండోది న్యూజెర్సీలో ఉంది. అక్కడి డీన్, టెడెస్కో గారనే ఆవిడ, ఒక మంగళవారం పొద్దున మా ఆఫీసుకే ఫోన్ చేశారు. సోల్వే అక్కడే ఉంది. పిల్లలకు సలహాలిచ్చే మా హెగ్లండ్ మాస్టారూ ఉన్నారు. నేను రెండో ఫోను ఎత్తి విన్నాను. అది నా ఉద్యోగంలో భాగం కాదు, అయినా విన్నాను.

"మీ ఉత్తరాలు మూడూ చదివామమ్మా," అన్నారు డీన్. "ఇంత నిజం చెప్పిన మనిషిని మేం ఇంతవరకూ చూడలేదు. ఒక్క సీటుంది. మీకిస్తున్నాం."

"అయ్యో, నాకెందుకండీ," అంది సోల్వే. "నిజంగా అవసరమున్న వాళ్ళకివ్వండి."

"అలాగా? ఎంత పని చేశారు! సరే, తర్వాతి పేరుకు ఫోన్ చేస్తాను." ఫోను పెట్టేశారు.

సోల్వే మొహం వెలిగిపోతోంది. "ఎంత మంచావిడో కదండీ! మళ్ళీ ఎప్పుడు చేస్తారంటారు?"

"పావుగంటలో చేస్తారులే," అన్నారు హెగ్లండ్ మాస్టారు గడియారం చూసి. "మరీ వెంటనే చేస్తే బాగోదు కదా." ఇద్దరూ కాఫీ పోసుకుని ఫోను ఎదురుగా కుర్చీలు వేసుకున్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీకు మతులున్నాయా? ఆవిడ మళ్ళీ చెయ్యదు! న్యూజెర్సీలో వద్దంటే వద్దనే!"

"ఒక్కసారి అడిగి ఊరుకుంటారా?" మాస్టారు నమ్మలేదు. "అదేం పద్ధతి? అంత చదువుకున్నావిడ!"

సోల్వే మాత్రం నా మొహంకేసే చూస్తోంది. చేతిలో కప్పు బల్ల మీద పెట్టేసింది. "అంటే... నిజంగా ఇచ్చేస్తారా?"

నేను నంబరు నొక్కి ఫోను ఆమె చెవికి ఆనించి, రెండోది నేను ఎత్తాను.

"టెడెస్కో గారా? మీ దగ్గర మంచు కరిగిందాండీ?"

"కరిగింది. ఏమిటి సంగతి?"

"ఇందాకటి విషయం... నాకు పెద్ద అభ్యంతరమేమీ లేదండీ."

మా ఊళ్ళో మగపిల్లవాడు పెళ్ళి చేసుకుంటావా అని అడిగితే ఆడపిల్ల చెప్పే జవాబు అదే. ఆ మాటకే ఉంగరాలు కొంటారు. మాస్టారు తృప్తిగా తలాడించారు. డీన్‌గారికి ముక్క అర్థం కాలేదు.

"అంటే అవుననా, కాదనా? ఆ అబ్బాయి రెండో లైన్లో ఉన్నాడమ్మా. అతనికింకా ఏమీ చెప్పలేదు. తొందరగా చెప్పండి."

సోల్వే మెడ ఎర్రబడింది, తర్వాత చెవులు ఎర్రబడ్డాయి. నేను చెప్పెయ్యగలను, నాకు ఒక్క క్షణం పని. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఊరుకున్నాను. ఈ ఒక్కటీ నేను చెప్తే చెల్లదని నాకు తెలుసు.

"కావాలి," అంది. అరిచినట్టే వచ్చింది ఆ మాట. "నాకు కావాలి. అతనికివ్వకండి."

హెగ్లండ్ మాస్టారు ఎవరో తన ఎదుటే బట్టలు విప్పేసినట్టు సిగ్గుపడి, కప్పు పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయారు.

"మీకే," అన్నారు డీన్. "కాగితాలు పంపిస్తాను."

ఫోను పెట్టేశాక సోల్వే బల్ల మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నేళ్ళలో ఈ ఊళ్ళో ఒక మనిషి గట్టిగా ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. ఆమె వీపు మీద చెయ్యి వేశాను. నా కళ్ళూ నిండాయి.

"పాపం, లైన్లోనే ఉన్నాడండీ," అంది. "అతను ఇప్పుడు డాక్టరు కాకపోతే అది నావల్లేనా?"

అబద్ధం చెప్పి ఊరడించవచ్చు. చెప్పబుద్ధి కాలేదు.

"అవునే, నీవల్లే."

ఆమె ఇంకా గట్టిగా ఏడ్చింది. ఫోను మోచేతి పక్కనే ఉంది, డీన్ నంబరు కళ్ళెదుటే ఉంది. మధ్యాహ్నం పన్నెండుదాకా ఏడుస్తూనే కూర్చుంది కానీ, సీటు తిరిగి ఇవ్వలేదు.