చూసి పెట్టిన సంతకం

పటాన్‌చెరులో ఒక జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పే రోజులవి. నాకు ఆరో నెల. మా ఆయన మందుల కంపెనీలో ఆపరేటర్. ఆయన చొక్కాను విడిగా బకెట్‌లో నానబెట్టినా, ఆ ఘాటు వాసన ఇల్లు వదిలేది కాదు. కడుపులో బిడ్డ కదలడం ఒక్క పూట తగ్గినా నాకు అన్నం సహించేది కాదు.

ఆ వారమే డీఎన్‌ఏ పాఠం వచ్చింది. కణం రెండుగా చీలే ముందు డీఎన్‌ఏకి నకలు తీసుకుంటుందని, తప్పు అక్షరం పడితే రాసే ఎంజైమే ఒక అడుగు వెనక్కి వేసి, దాన్ని కత్తిరించి, సరైనది పెడుతుందని బోర్డు మీద గీసి చెప్పాను. దాని కన్నుగప్పిన తప్పుల కోసం వెనకాలే ఇంకో జట్టు వస్తుంది. కొత్తగా రాసిన పోగులో తప్పున్న ముక్కను తీసేసి, పాత పోగును చూసి మళ్ళీ రాస్తుంది. రసాయనాలు డీఎన్‌ఏను దెబ్బతీస్తాయని కూడా చెప్పాలి. ఆ వాక్యం మాత్రం దాటేశాను.

ముందు బెంచీ అమ్మాయి లేచింది. "మేడమ్, ఆ చెక్ చేసేటోళ్ళే చూడకపోతే?"

"సిలబస్‌లో లేదు, కూర్చో" అన్నాను. నా పిరికితనం మీద నాకే ఒళ్ళు మండింది.

సాయంత్రం మా ఆయన్ని అడిగాను, మీ కంపెనీలో తప్పులు ఎట్లా పట్టుకుంటరని.

"ఒకడు తూకమేస్తడు, ఇంకొకడు సూసి సంతకం పెడ్తడు. సూసేది నేనే" అన్నాడు గొప్పగా.

"ప్రతిసారీ చూస్తరా?"

"యాడైతది? శనివారం కూసొని వారందంతా ఒక్కసారే గీకేస్త. మాస్కు పెట్టుకున్నట్టు గూడ అండ్లనే సంతకం."

"అంటే మాస్కు పెట్టుకుంటలేరా?"

ఆయన చొక్కా విప్పి బకెట్‌లో వేయడానికి లేచాడు. నేను ఇరుగుపొరుగు వినేలా అరిచాను. "నా కడుపుల బిడ్డకేమన్న అయితే, గది గూడ శనివారం సంతకం పెట్టి సరిజేస్తరా?"

మిగతా నెలలు నాకు కాలు ఒకచోట నిలవలేదు. మాస్కు పెట్టుకుంటున్నానని ఆయన రోజూ చెప్పేవాడు. చూడకుండా సంతకం పెట్టే మనిషి మాట ఎట్లా నమ్మడం?

సంగారెడ్డి ఆసుపత్రిలో పాప పుట్టింది. నర్సు ఆయన ముందు రిజిస్టరు పెట్టింది. "ఆడపిల్ల, మంచిగున్నది. జల్దీ సంతకం పెట్టుండ్రి."

ఆయన పెన్ను తీసుకుని, మళ్ళీ పక్కన పెట్టేశాడు. గుడ్డ విప్పి పాప వేళ్ళు, చెవులు, పెదాలు, వీపు ఒక్కొక్కటే చూశాడు. నర్సు విసుక్కున్నా కదల్లేదు.

"సూసిన" అన్నాడు నాతో, కళ్ళు తుడుచుకుంటూ. "పైకి కనవడేదంతా సూసిన. మరి లోపలిది?"

లోపలి తప్పులు చూసేవాళ్ళ గురించి పాఠం చెప్పేదాన్ని నేనే. పాపను ఒళ్ళోకి తీసుకుని, మళ్ళీ మొదటి వేలి నుంచి చూడటం మొదలుపెట్టాను.