రెండు గొంతులూ విన్నావా?

పాత హెడ్‌సెట్ స్పాంజి చెవికి తగిలి వేడెక్కితే రబ్బరు వాసన వేస్తుంది. మొన్న ఆదివారం ఉదయం పదకొండుంపావుకు కంప్యూటరు ముందు కూర్చుని, ఆ వాసన పీలుస్తూ మైకులోకి ఊదాను. మన గొంతు అందితే తెర మీద ఒక చిన్న గీత ఆకుపచ్చగా కుడివైపుకు పాకాలి. పాకలేదు. మళ్ళీ ఊదాను. నలభై ఎనిమిదేళ్ళ కిందట ఒకావిడ నా తలకు హెడ్‌సెట్ బిగించి, "ఊదు" అన్నది గుర్తుకొచ్చింది.

ఆవిడ పేరు అప్పలనరసమ్మగారు. విజయనగరం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో, ఊరికీ ఊరికీ ఫోన్లు కలిపే ట్రంకు బోర్డు మీద మాకు సూపర్వైజరు. ఆ బోర్డు ఇప్పుడు లేదు, ఆవిడా లేరు. ఆ బోర్డు మీద పనిచేసినవాళ్ళలో మిగిలిన ఆరుగురం మాత్రం ప్రతి ఆదివారం పది నుంచి పదకొండు దాకా తెర మీద కలుసుకుంటాం. మొదలుపెట్టినప్పుడు పదకొండు మందిమి. మిగతావాళ్ళు ఫోనులో చూస్తారు. నా కంటికి ఫోను ఆనదు కనుక నేను కంప్యూటరు పెట్టుకున్నాను.

ఆ ఉదయం అందరం మాట్లాడుకుంటుంటే మాలో ఒకతె, సరోజిని, అంది: "సత్యవతి నోరిప్పడం నేదేటే ఈమధ్య? అలిగిందేటి?"

"ఓలమ్మ, అలకేటే, మాటాడతనే ఉన్నాను కదా!" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. నా మాట మధ్యలోనే ఆవకాయ ముక్కల సంగతిలోకి వెళ్ళిపోయారు. అప్పుడు నాకు అనుమానం వచ్చి డైరీ తీశాను. రెండు వారాల కిందటి ఆదివారం, నా ఎడమ కంటికి శుక్లం ఆపరేషను నిశ్చయమైందని వాళ్ళకు చెప్పాను. దాని కింద నా చేత్తోనే రాసి ఉంది: "చెప్పాను. ఒక్కరూ అడగలేదు." పద్నాలుగు రోజులు ఆ మాట మనసులో పెట్టుకుని తిరిగాను.

నేను ఉద్యోగంలో చేరిన మొదటిరోజు అప్పలనరసమ్మగారు బోర్డు చూపించలేదు, నంబర్లు చెప్పలేదు. మైకులోకి ఊదమన్నారు. ఊదాను. నా ఊపిరే నా చెవిలో గాలివానలా వినబడి ఉలిక్కిపడ్డాను.

"ఇనబడిందా?"

"ఇనబడిందండి."

"అయితే నువ్వున్నట్టు లెక్క. రోజూ కుర్సీలో కూకోగానే ముందు ఇదే. లైనులో తప్పొస్తే ఊరవతల ఎతక్కు. నీ నోటికాడ మొదలెట్టు. నోరు, మైకు, తీగ, ప్లగ్గు, బోర్డు, ఆ తరవాతే లైను. ఒకటి సూసినాకే రెండోదాన్ని ముట్టుకో."

పొట్టి మనిషి. బోర్డు పై వరసను అందుకోవడానికి చెక్కపీట మీద నిలబడేవారు. "ఆవిడ పీటెక్కితే మనం పాతాళానికే" అని రవణమ్మ నా చెవిలో గొణిగేది. రవణమ్మది నా పక్క కుర్చీ. ఇప్పుడు నెల్లిమర్లలో ఉంటోంది. అప్పలనరసమ్మగారు మా చేత మరో మాట కూడా వల్లె వేయించేవారు: "రెండు గొంతులూ ఇను. మూడో మాట ఇనకు." కాల్ కలిపాక ఇటునుంచి ఒకరు, అటునుంచి ఒకరు పలికేదాకా వినాలి. పలికాక మనం వినే మీట మూసెయ్యాలి. ఆపైన వాళ్ళ మాటలు వాళ్ళవి.

చేరిన నాలుగో నెలలో నేను తప్పు చేశాను. భావనపాడు నుంచి ఒక మత్స్యకారుల ఆడమనిషి కాల్ బుక్ చేసింది. భర్త నెల్లిమర్లలో కూలికి వచ్చాడు. కలిపాను. ఆమె "అలో" అంది. అతని గొంతు కోసం ఆగలేదు. బోర్డు మీద మరో రెండు కాల్స్‌కు దీపాలు వెలుగుతున్నాయి. కాల్ టికెట్టు మీద టైము రాసి, బుక్ చేసిన మూడు నిమిషాలూ అవగానే లైను తీసేశాను.

వెనకనుంచి అప్పలనరసమ్మగారు అడిగారు: "రెండు గొంతులూ ఇన్నావా?"

"విన్నానండి."

ఆవిడ నా మొహంకేసి చూసి, నెల్లిమర్లకు తానే లైను కలిపారు. ఆమె భర్త ఇంకా ఫోను దగ్గరే నిలబడి ఉన్నాడు. "దాని మాట నాకు ఇనబడిందమ్మా. నా మాట దానికి ఇనబడనేదు. కోపవేటి, కోపవేటి అని ఏడిసి పెట్టీసినాది" అన్నాడు.

నా డ్యూటీ రెండు గంటలకు అయిపోయింది. "కూకో" అన్నారు. ఆవిడ డ్యూటీ కూడా అయిపోయింది, ఆవిడా కూర్చున్నారు. భావనపాడుకు కబురు పంపించి, ఆమె మళ్ళీ ఫోను దగ్గరకు వచ్చేదాకా నాలుగు గంటల పది నిమిషాలు పట్టింది. మధ్యలో నన్ను ఒక్కమాటా తిట్టలేదు. తిడితే బాగుండేది. చివరకు ఆమె "అలో" అంది. అతను "నానేనే, కోపం నేదే" అన్నాడు. అప్పలనరసమ్మగారు టక్కున మీట మూసేశారు. నాకు ఇంకా వినాలని ఉంది.

"సాలు" అన్నారు. "లైను కలపడం ఎవులైనా కలుపుతారు. మాట కలిసిందో నేదో సూడ్డానికే మనకి కుర్సీ ఏసినారు."

రిటైరయ్యాక ఆవిడ ఒంటరిగా ఉండేవారు. రెండు చెవులూ పోయాయి. అయినా నెలకోసారి, ఒకటో తారీకున, సాయంత్రం ఐదింటికి నాకు ఫోను చేసేవారు. "సత్యవతీ, నువ్వు మాటాడతన్నావని నాకు తెలుసు. నాకే ఇనబడదు. మూడు నిమిషాలుండు, పెట్టీకు" అనేవారు. నేను ఏవేవో చెప్పేదాన్ని. అటు ఊపిరి మాత్రం వినబడేది. ఊపిరి ఉంటే లైను బతికున్నట్టేనని నేర్పింది ఆవిడే. అలా ముప్పైయొక్క ఫోన్లు వచ్చాయి. ఒకసారి, ఎలాగూ వినబడదు కదా అని, రెండో నిమిషంలో పెట్టేశాను. ఆ తరవాత వచ్చింది ఒక్కటే ఫోను. అందులో ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మొన్న ఆదివారం ఆవిడ చెప్పిన వరసలోనే వెతికాను. నోరు బాగానే ఉంది. తీగ మీది చిన్న మైకు మీట తెరిచే ఉంది. తీగను వేళ్ళతో తడిమాను, ఎక్కడా తెగలేదు. టార్చి, భూతద్దం పట్టుకుని కంప్యూటరు పెట్టె వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాను. అక్కడ దొరికింది. మైకుది, గులాబీరంగు ప్లగ్గు, నీలం కన్నంలో ఉంది. దాని గులాబీ కన్నం పక్కనే ఖాళీగా ఉంది. మూడు వారాల కిందటి శుక్రవారం బల్ల జరిపి ఊడ్చినప్పుడు, ఈ శుక్లం కన్నుతో నేనే అలా పెట్టాను. చెవులది సరిగ్గా పెట్టాను కనుక అందరూ నాకు వినబడ్డారు. ఆ మూడు ఆదివారాలు నేను గోడకు చెప్పుకున్నాను. ప్లగ్గు మార్చి ఊదాను. గీత చివరిదాకా పాకింది. డైరీలో "ఒక్కరూ అడగలేదు" అన్నది కొట్టేసి, "వినబడలేదు" అని రాశాను.

ఈ ఆదివారం కంటి ఆపరేషను సంగతి మళ్ళీ మొదటినుంచి చెప్పాను. నాలుగు గొంతులు ఒక్కసారే లేచాయి. ఐదో గడిలో రవణమ్మ పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. భర్త పోయాక రవణకి మాట తగ్గిందని ఐదు నెలలుగా మేమందరం అనుకుంటున్నాం. నేనూ అనుకున్నాను.

"ఒక్క నిమిషం, ఎవలూ మాటాడకండి" అన్నాను. "రవణా, నా మాట ఇనబడితే సెయ్యెత్తు."

ఎత్తింది.

"నువ్వు మాటాడతన్నావు. మాకే ఇనబడతం నేదు. నాను లైను వదల్ను. నోటికాడ మొదలెడదాం. ఫోను కింద అంచున సిన్న కన్నం ఉంటాది, సూడు. దానిమీద ఏటున్నాది?"

ఫోను తలకిందులైంది. ఇంటి కప్పు కనబడింది, ఆమె బొటనవేలు కనబడింది. ఆ కన్నాన్ని మూసేసిన కొత్త తొడుగు ఊడి వచ్చింది. ముందు ఊపిరి వినబడింది. తరవాత గొంతు.

"ఒసే సత్యవతీ, ఐదు నెలల్నుంచి మీకు సమాదానాలు సెప్తన్నానే!" అంది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. "కంటాపరేసనుకి నీతో ఎవలొస్తన్నారే?"

ఎవరి పేరు చెప్పాలా అని వెతుక్కున్నాను. గోడ గడియారం నాకు ఎదురుగానే ఉంది. పదకొండు సెకన్లు గడిచాయి. సరోజిని, "మల్లీ పోనాదేటి దాని మైకు?" అంది.

"పోనేదు, ఆగు" అంది రవణమ్మ. "ఊపిరి ఇనబడతన్నాది."